డెలివరీకి ముందు ఫ్రీజర్‌లో ఏం దాచుకోవాలి, ఏది అప్పటికప్పుడు వండుకోవాలి

అమ్మా, ముందుగా శుభాకాంక్షలు. మీరు అడిగింది ఇది: నవంబర్ మొదటి వారంలో డెలివరీ. ఉండేది డాలస్ దగ్గర అపార్ట్‌మెంట్‌లో. అమ్మగారి వీసా ఎప్పటికి వస్తుందో తెలియదు. మీవారికి అన్నం వండటం, ఆమ్లెట్ వేయడం వరకు వచ్చు. అందుకని ఒక వారాంతం పట్టుబట్టి ఇడ్లీ దగ్గర్నుంచి చికెన్ కూర దాకా అన్నీ వండి ఫ్రీజర్‌లో పెట్టేస్తే నెలన్నర గడుస్తుందా, రుచి పోతుందా, పాడవుతుందా అన్నది మీ సందేహం. దానికి తోడు, ఫ్రిజ్‌లో పెట్టిన తిండి బాలింతకి పెట్టకూడదని మీ అత్తయ్యగారు ఫోన్‌లో గట్టిగా చెబుతున్నారు.

నేనూ టెక్సాస్‌లోనే ఉంటాను. మా పిల్లల కాన్పులకీ, చుట్టుపక్కల మనవాళ్ళ కాన్పులకీ ఫ్రీజర్ నింపి పెట్టడం నాకు అలవాటైన పని. గడుస్తుంది, నిశ్చింతగా గడుస్తుంది. కాకపోతే మీరు అనుకున్న పద్ధతిలో రెండు విషయాలు మార్చుకోవాలి.

మొదటిది, ఏది దాచాలన్నది. మన వంటలో టైమంతా తినేసేవి నాలుగే: పప్పు ఉడకడం, ఉల్లిపాయ వేగడం, మాంసం మెత్తబడటం, చింతపండో గోంగూరో ఉడికించి గుజ్జు తీయడం. ఈ నాలుగూ ఫ్రీజర్‌లో నిక్షేపంగా నిలుస్తాయి. అదే తాలింపు, కొత్తిమీర, చివర్లో చల్లే గరం మసాలా, నిమ్మరసం అయితే గడ్డకట్టి కరిగేసరికి నీరసపడిపోతాయి. వాటికి పట్టేది రెండు నిమిషాలు. కాబట్టి కూరని ముప్పాతిక వంతు దగ్గర ఆపి దాచండి, మిగిలిన పావు వంతు తినే రోజున చేయండి. మీరు తాలింపుతో సహా పూర్తిగా వండి దాచిన పప్పుకీ, ఉడికించి దాచి ఆ పూట తాలింపు పెట్టిన పప్పుకీ పోలికే ఉండదు. మొదటిది నిన్నటి పప్పులా ఉంటుంది, రెండోది ఇప్పుడే దించినట్టు ఉంటుంది.

రెండోది, ఒక్క వారాంతంలో అంతా చేసేయాలన్న ఆలోచన మానుకోండి. ఎనిమిదో నెలలో రోజంతా పొయ్యి దగ్గర నిలబడితే కాళ్ళు వాచిపోతాయన్నది ఒక కారణం. ఇంకో కారణం ఫ్రీజర్‌కి సంబంధించింది. మామూలు ఇంటి ఫ్రీజర్ ఒక రోజులో గడ్డకట్టించగలిగింది చాలా తక్కువ. ఒక ఘనపుటడుగు చోటుకి రెండు మూడు పౌండ్లకి మించి కొత్త సరుకు ఒకేరోజు పెట్టకూడదన్నది ఇక్కడివాళ్ళు పాటించే లెక్క. నాలుగు ఘనపుటడుగుల ఫ్రీజర్ అయితే రోజుకి ఎనిమిది నుంచి పన్నెండు పౌండ్లే. అంతకు మించి కుక్కితే కొత్తది నెమ్మదిగా గడ్డకడుతుంది, పాతది మెత్తబడుతుంది. నెమ్మదిగా గడ్డకడితే లోపల పెద్ద పెద్ద మంచు పలుకులు ఏర్పడి కూర కణాల్ని చీల్చేస్తాయి. కరిగాక నీరు నీరుగా అయిపోవడానికి అదే కారణం. త్వరగా గడ్డకట్టిన చేప రుచి పోదని 1910ల్లో కెనడాలోని లాబ్రడార్‌లో అక్కడి ఆదివాసులైన ఇన్యుట్ జనం చేపలు పట్టే తీరు చూసి గమనించినవాడు క్లారెన్స్ బర్డ్స్‌ఐ అనే అమెరికన్. ఇవాళ దుకాణాల్లో దొరికే ఫ్రోజెన్ బఠాణీల వ్యాపారమంతా ఆ గమనింపు నుంచి పుట్టిందే.

అందుకని ఇప్పటి నుంచి మీరు ఎలాగూ వండుకునే వంటనే రెట్టింపు వండండి. ఇవాళ పప్పు అయితే సగం తినండి, సగం దాచండి. వారానికి మూడు సార్లు అలా చేసినా డెలివరీ నాటికి ఫ్రీజర్ నిండిపోతుంది, మీకు అలుపూ తెలియదు.

ఇప్పుడు పప్పు సంగతి. మూడు కప్పుల కందిపప్పు కడిగి, అరగంట నానబెట్టి, ఏడు కప్పుల నీళ్ళు, కాస్త పసుపు, చెంచా నూనె వేసి కుక్కర్‌లో పెట్టండి. ఆరు క్వార్టుల ఇన్‌స్టంట్ పాట్ (కరెంటు ప్రెషర్ కుక్కర్) అయితే ఇది లోపలి సగం గీతకి కాస్త కిందే ఉంటుంది. పప్పు నురగ కక్కుతుంది కాబట్టి ఆ గీత దాటించకండి. ఉడికాక పప్పుగుత్తితో మెదిపి గట్టిగానే ఉంచండి. పల్చగా చేసి దాచారంటే ఉన్న కాస్త ఫ్రీజర్‌లో నీళ్ళకి చోటిచ్చినట్టే. ఇందులో సగం ఉత్త ముద్దపప్పుగా దాచండి. సాంబారుకైనా, పప్పుచారుకైనా, నెయ్యి ఆవకాయతో కలుపుకోవడానికైనా అదే పనికొస్తుంది. మిగతా సగంలో విడిగా మగ్గించిన టమాటా, పాలకూర, తోటకూర, ఏది దొరికితే అది కలపండి. ఆకుకూర పప్పులు ఫ్రీజర్‌కి బాగా పడతాయి. మామిడికాయ ముక్కలు మెత్తబడతాయి కానీ పులుపు ఎక్కడికీ పోదు. ఇద్దరికి ఒక పూటకి సరిపడా, అంటే ఒకటిన్నర కప్పు చొప్పున, ప్యాకెట్లు కట్టండి.

తినేముందు రోజు రాత్రి ఒక ప్యాకెట్ ఫ్రీజర్‌లోంచి కింద ఫ్రిజ్‌లోకి దించండి. పొద్దున విప్పేసరికి అంచుల్లో నీరు తేలి, మధ్యలో ఇసుక ముద్దలా ఉంటుంది. విరిగిపోయిందేమోనని కంగారు పడొద్దు. గిన్నెలో వేసి అరకప్పు వేడినీళ్ళు పోసి, గరిటెతో మెదుపుతూ కుతకుత ఉడకనిస్తే రెండు నిమిషాల్లో మళ్ళీ కలిసిపోతుంది. ఉప్పు అప్పుడు చూసి వేయండి. పక్క పొయ్యి మీద నెయ్యి కాగాక ఆవాలు, అవి చిటపటలాడాక జీలకర్ర, ఎండుమిర్చి, చితక్కొట్టిన వెల్లుల్లి, చివర్లో ఇంగువ, కరివేపాకు. అది పప్పులో పోసి వెంటనే మూత పెట్టేయాలి. ఆ ఆవిరిలో ఐదు నిమిషాలు ఉంటే చాలు.

కరివేపాకు మాట వచ్చింది కాబట్టి ఇక్కడే చెబుతాను. చలికాలంలో ఇక్కడ కరివేపాకు దొరకదు, దొరికినా నాలుగు రెబ్బలకి బోలెడు డబ్బు పోయాలి. ఇప్పుడే కొని, కడిగి, బట్ట మీద పూర్తిగా తడి ఆరబెట్టి, దూసి డబ్బాలో వేసి ఫ్రీజర్‌లో పెట్టేయండి. నల్లబడుతుంది, అయినా నేరుగా నూనెలో వేస్తే వాసన వస్తుంది. అల్లం వెల్లుల్లి ముద్ద, చింతపండు గుజ్జు, కొబ్బరి కోరు కూడా ఐసు ముక్కల ట్రేలో పోసి గడ్డకట్టాక సంచిలో వేసుకోండి. చింతపండు గుజ్జు ముక్క ఒకటి ఉంటే చారు పది నిమిషాల పని. చారుని మాత్రం వండి దాచకండి. దాని ప్రాణమంతా మిరియాలు, జీలకర్ర, కొత్తిమీర వాసనలో ఉంది. ఏ పూటకి ఆ పూట కాచుకోవాల్సిందే.

పప్పు తర్వాత నేను అన్నిటికంటే ఎక్కువ విలువిచ్చేది ఉల్లి మసాలా ముద్దకి. పది పెద్ద ఎర్ర ఉల్లిపాయలు సన్నగా తరిగి, వెడల్పాటి మూకుడులో ముప్పావు కప్పు నూనెతో సన్నటి సెగ మీద ముప్పావు గంట వేయించండి. తొందరపడి సెగ పెంచితే అంచులు మాడి మధ్యలో పచ్చిగా ఉండిపోతాయి. ఇటుక రంగు వచ్చాక అల్లం వెల్లుల్లి వేసి పచ్చి వాసన పోనిచ్చి, ఎనిమిది టమాటాల గుజ్జు, పసుపు, కారం, ధనియాల పొడి వేసి నూనె పైకి తేలేదాకా మగ్గించండి. అక్కడ ఆపండి, గరం మసాలా వేయొద్దు. లవంగం, మిరియం, వెల్లుల్లి లాంటివి ఫ్రీజర్‌లో ఉన్నకొద్దీ ఘాటెక్కి చేదు తిరుగుతాయి. వెల్లుల్లి ముద్ద తక్కువే వేయండి, మసాలా పొడి తినే రోజున చిటికెడు చల్లుకోండి. ఈ ముద్దని కప్పు చొప్పున దాచుకుంటే మీవారు కూడా పావుగంటలో గుడ్ల కూర చేసేస్తారు: ముద్ద కరిగించి, నీళ్ళు పోసి మరిగించి, అప్పుడే ఉడికించిన గుడ్లు గాట్లు పెట్టి వేయడమే. శనగలు, పనీరు, బఠాణీ, అన్నిటికీ అదే ముద్ద.

గుడ్లు అప్పుడే ఉడికించాలని ఎందుకు చెప్పానంటే, ఉడికిన గుడ్డు గడ్డకడితే తెల్లసొన రబ్బరులా అయిపోతుంది. ఇలా ఫ్రీజర్‌కి పనికిరానివి ఇంకొన్ని ఉన్నాయి. బంగాళాదుంప స్పాంజిలా మారి నీళ్ళు కక్కుతుంది. సొరకాయ, బీరకాయ, దోసకాయ, పొట్లకాయ ఒంటినిండా నీళ్ళే కాబట్టి కరిగాక గుజ్జైపోతాయి. ములక్కాడ పీచు పీచుగా విడిపోతుంది. సాంబారు దాచాలంటే ముక్కలు లేకుండా దాచి, ఆ పూట ముక్కలు ఉడికించి కలపండి. మజ్జిగ పులుసు, పెరుగు పచ్చడి విరిగిపోతాయి. బెండకాయ వేపుడు, దొండకాయ వేపుడు, ఏ వేపుడైనా సరే, కరకర అంతా పోయి మెత్తబడుతుంది. చేపల పులుసులో పులుసు బాగానే ఉంటుంది కానీ ముక్క పొడి పొడి అవుతుంది. పులుసు మాత్రం కాచి దాచుకుని, తినే రోజున పచ్చి చేప ముక్కలు వేసి పది నిమిషాలు ఉడికించండి. గుత్తి వంకాయ నాకు ప్రాణం. దాని మసాలా, అంటే వేయించిన పల్లీ, నువ్వులు, కొబ్బరి, ధనియాల ముద్ద, దాచుకోండి. వంకాయలు తాజావి తెచ్చి కూరండి.

చికెన్, మటన్ కూరలకి మాత్రం ఫ్రీజర్ మంచి నేస్తం. ఇక్కడ హలాల్ దుకాణాల్లో దొరికే మేకమాంసం కుక్కర్‌లో ఎంతలేదన్నా అరగంట అడుగుతుంది. ఆ పని ముందే అయిపోతే సగం బరువు దిగినట్టే. ముక్క లోపలిదాకా ఉడికి, ఇంకాస్త మెత్తబడాల్సి ఉండగా దించి, గ్రేవీ దగ్గరగా ఉంచి దాచండి. ముక్కలు గ్రేవీలో మునిగి ఉండాలి. గాలి తగిలిన ముక్క తెల్లగా ఎండి, పీచులా అవుతుంది. గోంగూర మటన్ ఇష్టమైతే గోంగూర గుజ్జు విడిగా దాచండి. ఇక్కడ మనవాళ్ళ పెరళ్ళలో వేసవి నుంచి గోంగూర విరగకాస్తుంది, నవంబర్ నెలాఖరుకి మంచు కురిస్తే మొక్క పోతుంది. అక్టోబర్‌లో ఎవరిని అడిగినా సంచి నిండా కోసిస్తారు. ఆకు కడిగి, నూనెలో మగ్గించి గుజ్జు చేసి గడ్డకట్టిస్తే పప్పుకీ, పచ్చడికీ, మటన్‌కీ చలికాలమంతా సరిపోతుంది.

ఇక అన్నం. ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అందరూ నిర్లక్ష్యం చేసేది దీన్నే. బియ్యంలో బాసిల్లస్ సెరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు సహజంగానే ఉంటాయి, అవి అన్నం ఉడికినా చావవు. వండిన అన్నం గంటల తరబడి గోరువెచ్చగా బయట ఉంటే అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి. ఆ విషం మళ్ళీ ఎంత వేడిచేసినా పోదు. కాబట్టి వేడి చేసుకుంటాంలే అన్న ధీమా అన్నం దగ్గర పనికిరాదు. వార్చిన వెంటనే పళ్ళెంలో పల్చగా పరిచి, ఆవిరి పోగానే, గంటలోపు ఫ్రీజర్‌లో పెట్టేయండి. అన్నాన్ని కింద ఫ్రిజ్‌లో పెడితే పలుకు గట్టిపడుతుంది, ఎందుకంటే ఫ్రిజ్ చలిలోనే దాని పిండి పదార్థం త్వరగా బిరుసెక్కుతుంది. గడ్డకట్టించిన అన్నానికి ఆ బాధ లేదు. నేరుగా గిన్నెలో వేసి, చెంచా నీళ్ళు చల్లి, మూత పెట్టి మైక్రోవేవ్‌లో పొగలు వచ్చేదాకా పెడితే అప్పుడే వార్చినట్టు ఉంటుంది. అయినా మీవారికి అన్నం వండటం వచ్చు కాబట్టి, రాత్రి రెండింటికి ఆకలేసినప్పటి కోసం నాలుగైదు ప్యాకెట్లు ఉంటే చాలు. పాలిచ్చే తల్లికి అర్ధరాత్రి ఆకలి తప్పదు. పులిహోర పులుసు కూడా ఒక డబ్బా చేసి పెట్టుకోండి, ఆ వేళప్పుడు అన్నంలో కలుపుకుంటే ప్రాణం లేచివస్తుంది.

చల్లార్చడం, కట్టడం దగ్గరికి వద్దాం. అమెరికా వ్యవసాయ శాఖ యూఎస్‌డీఏ చెప్పే సూత్రం చిన్నది: వండిన ఏ పదార్థమూ రెండు గంటలకి మించి బయట ఉండకూడదు. 40 నుంచి 140 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య, అంటే సుమారు 4 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య, సూక్ష్మజీవులు ఎడాపెడా పెరుగుతాయి. మన పెద్ద గిన్నెలతోనే వస్తుంది చిక్కు. ఆరు లీటర్ల గిన్నెలో చికెన్ కూర రాత్రంతా స్టవ్ మీద వదిలేస్తే మధ్య భాగం గంటలకొద్దీ వెచ్చగానే ఉంటుంది. వండగానే వెడల్పాటి పళ్ళేల్లోకి రెండంగుళాల మందం మించకుండా పోయండి. లేదా సింకులో ఐసు నీళ్ళు పోసి గిన్నెని అందులో పెట్టి గరిటెతో తిప్పండి. ఇరవై నిమిషాల్లో చల్లబడుతుంది.

చల్లారాక ఫ్రీజర్ కోసం అమ్మే మందపాటి జిప్ సంచుల్లో పోసి, గాలి పూర్తిగా నొక్కేసి, ట్రే మీద చదునుగా పడుకోబెట్టి గడ్డకట్టించండి. పలకల్లా గట్టిపడ్డాక అలమరలో పుస్తకాల్లాగా నిలబెట్టి సర్దుకోవచ్చు. పల్చగా ఉంటుంది కాబట్టి త్వరగా గడ్డకడుతుంది, త్వరగా కరుగుతుంది. గాజు సీసాలు వాడతానంటే అంగుళం ఖాళీ వదలండి. నీరు గడ్డకడితే తొమ్మిది శాతం దాకా ఉబ్బుతుంది, నిండా పోసిన సీసా పగులుతుంది. ప్రతి ప్యాకెట్ మీదా మాస్కింగ్ టేపు అంటించి మూడు ముక్కలు రాయండి: పేరు, తేదీ, ఇంకా ఏం చేయాలో. ఉదాహరణకి 'పాలకూర పప్పు, సెప్టెంబర్ 20, ఉప్పు లేదు, తాలింపు పెట్టాలి'. గడ్డకట్టాక పప్పూ సాంబారూ ఒకేలా కనిపిస్తాయి. నిద్రలేని వారాల్లో మీకైనా మీవారికైనా గుర్తుండదు.

ఎన్నాళ్ళు ఉంటుందని అడిగారు. ఫ్రీజర్ సున్నా డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర, అంటే మైనస్ 18 సెల్సియస్ దగ్గర నిలకడగా ఉంటే పదార్థం పాడవదు. ఆ చలిలో సూక్ష్మజీవులు పెరగలేవు. చావవు కూడా, నిద్రలో ఉంటాయి, కరిగాక మళ్ళీ లేస్తాయి. తగ్గేది రుచి మాత్రమే. కూరలు, పప్పులు రెండు మూడు నెలల్లోపు తినేస్తే బాగుంటాయి, మీకు కావలసింది అంతకంటే తక్కువే. చిన్న థర్మామీటర్ ఒకటి కొని లోపల పెట్టండి, పది డాలర్ల లోపు వస్తుంది. అపార్ట్‌మెంట్ ఫ్రిజ్‌లు పాతవైతే సున్నాకి రాకుండా పది దగ్గరే తచ్చాడుతుంటాయి.

కరిగించడం ఎప్పుడూ ఫ్రిజ్‌లోనే. మరిచిపోతే, సంచితో సహా చన్నీళ్ళలో పెట్టి అరగంటకోసారి నీళ్ళు మార్చండి, లేదా మైక్రోవేవ్‌లో కరిగించి వెంటనే వండేయండి. కౌంటర్ మీద పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వదలొద్దు. వేడి చేసినప్పుడు మధ్యలో కూడా 165 డిగ్రీల ఫారెన్‌హీట్, 74 సెల్సియస్, రావాలి. మన భాషలో చెప్పాలంటే అంచుల్లో కాదు, నడిమధ్య బుడగలు రావాలి. కరిగించి ఫ్రిజ్‌లో ఉంచింది మూడు నాలుగు రోజుల్లో అవ్వాలి. మీరు ఇంకా గర్భంతో ఉన్నారు కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను: లిస్టీరియా అనే సూక్ష్మజీవి ఫ్రిజ్ చలిలో కూడా పెరుగుతుంది, అది గర్భిణికి ప్రమాదం. ఫ్రిజ్‌లోది పొగలు కక్కేలా వేడి చేయకుండా తినొద్దు.

మీ అత్తయ్యగారి మాట దగ్గరికి వస్తే, ఆవిడ చెప్పేదాంట్లో సత్యం ఉంది. మూడు రోజులు ఫ్రిజ్‌లో మూలిగి, గోరువెచ్చగా చేసిన కూర బాలింతకి పెట్టకూడదు. కరెంటు వచ్చీపోయే ఊళ్ళలో ఫ్రిజ్ మీద నమ్మకం పెట్టుకోకపోవడం తెలివైన పనే. ఆవిడకి ఇలా చెప్పి చూడండి: 'అత్తయ్యా, ఉడికించిన పప్పే దాచుకుంటున్నాను, ఏ పూటకి ఆ పూట మరిగించి, తాలింపు పెట్టి, వేడన్నంలోనే తింటాను. చారు రోజూ కొత్తగా కాస్తాం.' చాలామంది పెద్దవాళ్ళు ఇది వినగానే మెత్తబడతారు. ఆవిడకి ఒక పని కూడా అప్పగించండి, పొడులు. వెల్లుల్లి కారం, కరివేపాకు కారం, శొంఠి పొడి ఇండియా నుంచి ఎవరైనా వస్తుంటే పంపమనండి. వీటికి ఫ్రీజర్ అక్కర్లేదు, తడి తగలని సీసాలో బయటే ఉంటాయి. నువ్వుల పొడి, పల్లీ పొడి మాత్రం నూనె వాసన పట్టకుండా ఫ్రిజ్‌లో పెట్టుకోండి. సున్నుండలూ అంతే. పథ్యంలో సొరకాయ, బీరకాయ, పొట్లకాయ పాలు పోసి వండటం మీ ఇంటి పద్ధతైతే అవి ఫ్రీజర్ కూరలు కావు. పదిహేను నిమిషాల్లో ఉడికే కూరలే కాబట్టి అప్పుడే వండుకోవాలి.

ఒక్క విషయంలో మాత్రం ఇంటి ఆనవాయితీని పక్కన పెట్టమని అడుగుతాను. కోస్తా వైపు పాలు పడతాయని బాలింతకి సొరపుట్టు పెడతారు. సొరచేపలో పాదరసం ఎక్కువ. గర్భిణులూ, పాలిచ్చే తల్లులూ సొరచేప, కింగ్ మాకెరెల్ లాంటి పెద్ద చేపలు తినకూడదని ఇక్కడి ఆహార, ఔషధాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ స్పష్టంగా చెబుతోంది. చేప తినాలనుకుంటే సాల్మన్, తిలాపియా, సార్డిన్‌లు నిస్సంకోచంగా తినొచ్చు.

టిఫిన్ల సంగతి త్వరగా చెప్పేస్తాను. ఇడ్లీ పిండి కంటే ఉడికిన ఇడ్లీలు దాచడం మేలు. ఆవిరి మీద ఐదారు నిమిషాలు పెడితే మెత్తగా లేస్తాయి. పెసరట్టు పిండి పులియబెట్టాల్సిన పని లేదు కాబట్టి నేరుగా దాచొచ్చు. చపాతీలు సగం కాల్చి మధ్య మధ్య బేకింగ్ కాగితం పెట్టి పేర్చండి. బొబ్బట్లు కూడా అలాగే. గారెలు లేత రంగులో తీసేసి గడ్డకట్టిస్తే, ఎయిర్ ఫ్రయర్‌లో మళ్ళీ కరకరలాడతాయి.

ఒక అర మాత్రం మొదటి నుంచీ ఖాళీగా ఉంచండి. అది తల్లిపాల కోసం. పిండిన పాలు ఫ్రిజ్‌లో నాలుగు రోజులు, ఫ్రీజర్‌లో ఆరు నెలల దాకా బాగుంటాయని ఇక్కడి ప్రజారోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది. తలుపు అరల్లో వేడి మారుతూ ఉంటుంది కాబట్టి పాల సంచులు లోపల వెనక వైపు పెట్టాలి. మొత్తం ఫ్రీజర్‌ని కూరలతో బిర్రుగా నింపేశాక ఈ సంగతి గుర్తొస్తే తీసిపారేయాల్సింది కూరల్నే. చోటు బొత్తిగా చాలదనిపిస్తే ఐదు ఘనపుటడుగుల చెస్ట్ ఫ్రీజర్ కొనుక్కోండి, అపార్ట్‌మెంట్ మూలలో పడుతుంది. మంచు తనంతట తాను కరిగించుకునే నిలువు ఫ్రీజర్ కంటే చేత్తో మంచు దులుపుకోవాల్సిన పెట్టె ఫ్రీజర్‌లోనే పదార్థం ఎక్కువ కాలం బాగుంటుంది. మధ్య మధ్య వేడెక్కి చల్లబడే గొడవ దానికి లేదు.

డెలివరీ అయ్యాక స్నేహితులు 'ఏం తెమ్మంటావు' అని అడుగుతారు. మొహమాటపడి 'ఏం వద్దు' అనకండి. అందరూ మొదటి వారంలోనే బిర్యానీలు తెస్తారు, మూడో వారానికి ఎవరూ రారు. ఇద్దరికి ఆకుకూర పప్పు, ఇంకొకరికి ఉడికించిన మటన్ చెప్పి, సంచిలో చదునుగా గడ్డకట్టించి తేదీ రాసి తెమ్మనండి. మనవాళ్ళు సంతోషంగా తెస్తారు, ఏది కావాలో చెప్పడమే వాళ్ళకి సాయం.

టెక్సాస్‌లో ఉన్నాం కాబట్టి కరెంటు గురించి ఒక మాట. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో ఇక్కడ లక్షల ఇళ్ళకి రోజుల తరబడి కరెంటు లేదు. తలుపు తీయకుండా ఉంచితే నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు, సగం నిండినది 24 గంటలు చలి నిలుపుకుంటుంది; కింద ఫ్రిజ్ అయితే నాలుగు గంటలే. ఖాళీ ఉన్నచోట నీళ్ళ సీసాలు గడ్డకట్టించి పెట్టండి. కరెంటు వచ్చాక ప్యాకెట్ లోపల ఇంకా మంచు పలుకులు తగులుతుంటే, లేదా 40 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి మించకపోతే, మళ్ళీ గడ్డకట్టించుకోవచ్చు. అంతకంటే వెచ్చబడి రెండు గంటలు దాటితే ఎంత కష్టపడి వండినదైనా పారేయండి. రుచి చూసి తేల్చుకుందాం అనుకోవద్దు, పాడైనది నాలుకకి తెలియదు.

చివరిగా మీవారికి సంబంధించిన పని. వచ్చే వారమే ఒక పప్పు ప్యాకెట్ దాచి, పది రోజుల తర్వాత ఆయన చేతే తీయించండి. కరిగించడం, మరిగించడం, ఉప్పు చూడటం, తాలింపు పెట్టడం, అన్నీ ఆయనే చేయాలి; మీరు కుర్చీలో కూర్చుని చూడండి. ఆవాలు ఎప్పుడు చిటపటలాడతాయో, వెల్లుల్లి ఏ రంగులో ఉండగా సెగ ఆపాలో నోటితో చెబితే రాదు. రెండు మూడు పూటలు ఆయన చేత్తో చేస్తే వచ్చేస్తుంది. ఫ్రీజర్‌లో ఏమేం ఉన్నాయో కాగితం మీద రాసి తలుపుకి అంటించండి, తీసినప్పుడల్లా కొట్టేస్తూ ఉండమనండి. ఇంకే వంటకం గురించి సందేహం ఉన్నా అడగండి, తప్పకుండా చెబుతాను.